మరాస్మియస్ స్టాక్: మళ్లీ రెండు అంచులే

మళ్లీ అదే తంతు. పుట్టగొడుగు మీద ఫోకస్ కొంచెం కొంచెంగా జరుపుతూ తీసిన ఫ్రేములన్నీ (స్టాక్ అంటే ఇదే), వాటిలోని పదునైన భాగాల్ని ఒకే ఫోటోగా కలిపే హెలికాన్ సాఫ్ట్‌వేర్‌లో వేసి, వంద శాతం జూమ్ చేసి చూస్తే గొడుగు అంచు పక్కనే ఇంకో అంచు. కాడ శుభ్రంగా వచ్చింది, వెనకున్న నాచూ శుభ్రంగా వచ్చింది, కావలసిన చోట మాత్రం ఒకటికి రెండు గీతలు. ఒళ్లు మండిపోయింది.

బొమ్మ మరాస్మియస్ రోటులా అనే చిన్న పుట్టగొడుగుది. కుళ్లుతున్న పుల్లల మీద గుంపులుగా వస్తుంది. ఆకులు రాలే రోజుల్లో వాన వెలిశాక వెతికితే దొరుకుతుంది గానీ, నడుస్తూ చూస్తే కంటికి ఆనదు, చతికిలబడి చూడాలి. నేను ఎంచుకున్నదాని గొడుగు 8 మి.మీ. వెడల్పు. కాడ నల్లగా, నిగనిగలాడుతూ, గుర్రపు వెంట్రుకలా ఉంటుంది. గొడుగు నడినెత్తిన చిన్న గుంట. అడుగున రేకులు ఎడంఎడంగా ఉండి, కాడను తాకకుండా దాని చుట్టూ ఉన్న తెల్లని కంకణానికి అతుక్కుంటాయి. ఆ కంకణమూ, ఒక్కొక్క రేకూ, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పదునుగా రావాలి. నా గోలంతా దాని కోసమే.

మిగతా పుట్టగొడుగుల ఫోటోలకు వంక పెట్టడానికి లేదు: లక్కేరియా అమెథిస్టినా ఊదారంగు గ్రే కార్డు (రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పుణ్యమా అని ఎట్టకేలకు ఉన్నదున్నట్టు పడింది, బీచ్ మాను మీది పోర్సిలిన్ ఫంగస్ వెనక వెలుతురులో ఒక్క షాట్‌కే కుదిరింది.

ఇక లెక్కలు. 20 మెగాపిక్సెళ్ల మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్, ఒలింపస్ 60 మాక్రో లెన్స్, 1:1 (అంటే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులోనే పడుతుంది), ఎఫ్/5.6, ఐఎస్ఓ 200, అర సెకను. ఆ నిష్పత్తిలో పదునుగా వచ్చే లోతు 0.3 మి.మీ. పైచిలుకు, అంతే. అందుకే ఫోకస్ 0.25 మి.మీ. చొప్పున జరుపుతూ, ముందూ వెనకా కాస్త కలుపుకుని 40 ఫ్రేములు. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఒక సెకను విరామం. మొత్తం నిమిషం.

ముందు ఫోకస్ బ్రీదింగ్‌ని (ఫోకస్ జరిపినప్పుడు బొమ్మ సైజు కాస్త మారడాన్ని) అనుమానించాను. అదే అయితే బొమ్మ నడుమ నుంచి అన్ని వైపులకూ సమానంగా పెరగాలి, దాన్ని సాఫ్ట్‌వేర్ ఎలాగూ సర్దేస్తుంది. పైగా ఈ రెండో గీత ఒక్కోసారి ఒక్కోచోట వస్తోంది: ఒక స్టాక్‌లో కుడి అంచున, ఇంకోదాంట్లో కంకణం దగ్గర. లెన్స్ తప్పయితే ఇలా చోటు మార్చదు. తర్వాతి అనుమానం ట్రైపాడ్. రాలిన ఆకుల పొర మెత్తగా ఉంటుంది, మనం మోకాలు కదిపినా కాళ్లు దిగబడతాయి. మేకుకాళ్లు బిగించి గట్టినేల తగిలేదాకా దించాను. (ఇలాంటి నేల మీద బీన్‌బ్యాగ్ వాడమని సలహా ఇచ్చేవాళ్లు 1:1లో ఎప్పుడూ తీసి ఉండరని నా గట్టి నమ్మకం.) గాలికి మూడు వైపులా పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు.

అప్పుడు ఫోకస్ ముట్టుకోకుండా, అదే చోట నిమిషంపాటు వరసగా తీసి, ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పెట్టి కొలిచాను. పుల్ల మీది నాచుపోగు కొన 2 పిక్సెళ్లకు మించి జరగలేదు. అంటే ట్రైపాడ్ నిర్దోషి. గొడుగు అంచు మాత్రం అర నిమిషం దాకా కదలకుండా ఉండి, ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య ఒక్కసారిగా 18 పిక్సెళ్లు పైకి లేచింది. లేచి అక్కడే ఆగిపోయింది. ఒక్కో పిక్సెల్ 3.3 మైక్రాన్లు, కాబట్టి సుమారు 0.06 మి.మీ. గాలే కారణమైతే ఊగి మళ్లీ మొదటి చోటికి రావాలి కదా, రాలేదు.

ఆ రెండు ఫ్రేములూ పక్కపక్కన పెట్టి చూస్తే కారణం కనపడింది. మొదటిదాంట్లో అంచు కింద రెండు నీటిబొట్లు, రెండోదాంట్లో ఒకటే. 1 మి.మీ. బొట్టు బరువు అర మిల్లీగ్రాము. మనకు అదొక బరువే కాదు గానీ, ఆ కాడకు చాలా ఎక్కువ. బొట్టు రాలగానే కాడ నిటారైంది. స్టాక్ మధ్యలో ఇది జరిగితే సగం ఫ్రేముల్లో అంచు ఒకచోట, సగం ఫ్రేముల్లో ఇంకోచోట. సాఫ్ట్‌వేర్ నాచునీ పుల్లనీ చూసి అలైన్ చేస్తుంది, గొడుగు రెండుగా మిగులుతుంది.

సరే, టిష్యూ కొనతో బొట్లు అద్దేశాను. గెంతడం ఆగింది. కానీ ఇప్పుడు అంచు నెమ్మదిగా లోపలికి ముడుచుకుంటోంది, నిమిషానికి 7 పిక్సెళ్లు. నా ఊహ, గొడుగు ఆరిపోతోంది. 10 సెం.మీ. దూరంలో పెట్టిన ఎల్ఈడీ వల్లనేమోనని దాన్ని ఆపి చూశాను. ఎక్స్‌పోజర్ 2 సెకన్లకు, మొత్తం సమయం 2 నిమిషాలకు పెరిగింది, చివరికి లెక్క చూస్తే ముడుచుకోవడం దాదాపు అంతే. తడిగా ఉంచితే గెంతుతుంది, తుడిస్తే ముడుచుకుంటుంది. ఎటు తిప్పినా నాకే నష్టం.

సాఫ్ట్‌వేర్ మార్చినా ఒరిగిందేమీ లేదు. జెరీన్ అనే ఇంకో స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు పద్ధతులున్నాయి. పీమ్యాక్స్ సన్నని గీతల్ని బాగా నిలబెడుతుంది, నాయిస్ (బొమ్మలో గరుకు చుక్కలు) కూడా దాంతోపాటే పైకొస్తుంది. డీమ్యాప్ రంగులు నున్నగా ఇస్తుంది గానీ, ఒక రేకు ఇంకో రేకు మీదుగా కనపడేచోట వెలుగు చారలు. రేకులకు నా ఓటు పీమ్యాక్స్‌కే. రీటచ్ బ్రష్‌తో రెండో అంచు చెరిపేయొచ్చు, నాకది నచ్చదు. జాతిని గుర్తించడానికి రేకులు ఎన్నో కూడా చూస్తాం, చెరిపేటప్పుడు ఒకటి పోయినా ఒకటి పెరిగినా ఆ ఫోటో ఎందుకూ కొరగాదు. (తినొచ్చా అని అడిగేవాళ్లకు: ఫోటో చూసి అది చెప్పేవాణ్ణి నమ్మొద్దు.)

ఈసారి పంతం వదిలి 1:2కి దిగుతాను. అక్కడ పదును లోతు 1 మి.మీ. దాకా వస్తుంది, 12 ఫ్రేములు చాలు. గొడుగు 2400 పిక్సెళ్ల బదులు 1200 పిక్సెళ్ల వెడల్పే ఉంటుంది, ఫర్వాలేదు. ఐఎస్ఓ 1600 పెడితే అర సెకను కాస్తా 1/16 అవుతుంది. విరామం తీసేసి ఎలక్ట్రానిక్ షట్టర్‌తో లాగిస్తే స్టాక్ మొత్తం రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఆ కాస్త సమయంలో బొట్టు రాలితే నా ఖర్మ. నాయిస్ సంగతి డీనాయిస్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

ఇంకో ఆలోచన కూడా ఉంది. మరాస్మియస్ ఎండి ముడుచుకుపోయినా, తడి తగిలితే మళ్లీ విచ్చుకుంటుంది. పొడి రోజున పుల్లను కదపకుండా కెమెరా బిగించి, స్ప్రేతో తడిపి, 10 సెకన్లకొక ఫ్రేము చొప్పున టైమ్‌లాప్స్ తీయాలి. విచ్చుకోవడం పూర్తయి అంచు నిలకడగా ఉండే వ్యవధి ఏమైనా ఉంటే అందులో తేలిపోతుంది, స్టాక్ అప్పుడే తీయొచ్చు. స్ప్రే మాత్రం మంచులాంటి తుంపర ఇచ్చేది కావాలి, ఇప్పుడున్నది పెద్దపెద్ద బొట్లు కొడుతోంది.