నీలం రంగు కింద ఎన్ని బళ్ళు

పాత ట్రాక్టరు కొత్త పెయింటుతో తళతళలాడుతూ షెడ్డులోకి వచ్చిందంటే నేను ముందు బోల్టుల తలలు చూస్తాను. రంగు ఎవడైనా వేస్తాడు.

నేను పనిచేసేది న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌కి దక్షిణాన ఉన్న ఆష్‌బర్టన్‌లో. చుట్టూ కాంటర్‌బరీ మైదానం, పాడి ఆవులు, గొర్రెలు, గోధుమ చేలు. కొత్త బళ్ళకి కంప్యూటరు తగిలిస్తే జబ్బేంటో అవే చెప్పేస్తాయి. పాతవి నోరు విప్పవు. ఇక్కడి రైతులకి పాత ట్రాక్టరంటే ప్రాణం. 1958 జనవరిలో ఎడ్మండ్ హిల్లరీ దక్షిణ ధ్రువం చేరింది ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదే కదా, టీ తాగేటప్పుడు నాకు ఆ సంగతి చెప్పని ముసలాయన లేడు.

ఆ మధ్య ఒక రైతు నీలం రంగు ఫోర్డ్ 3000 ట్రాక్టరు తెచ్చాడు. వేలంలో కొన్నాడట. 1965 నుంచి 1975 దాకా వచ్చిన మోడల్, మన ఊళ్ళలో తిరిగిన 3600కి ముందు తరం. ఇంజను బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయి నీళ్ళు తాగుతోంది. పనిలో పనిగా పిస్టన్లు, రింగులు కూడా మార్చెయ్యమన్నాడు. ఇక్కడ ప్రతి పావుగంట పనీ జాబ్ కార్డులో రాయాలి, ఆ బిల్లు రైతు కడతాడు. తప్పు సామాను తెప్పిస్తే దానికి సమాధానం చెప్పుకోలేం. కాబట్టి బండి నిజంగా ఏదో ముందు తేలాలి.

ఇంజనునీ క్లచ్ హౌసింగునీ కలిపే బోల్టుల్లో ఒకదాని తల మీద 8.8 అని ఉంది. మిగతా వాటి మీద మూడేసి గీతలు. గీతలంటే అంగుళాల బోల్టు, 8.8 అంటే మిల్లీమీటర్లది. తమాషా ఏంటంటే రెండింటికీ 19 పానా పడుతుంది. అరంగుళం బోల్టు తల ముప్పావు అంగుళం, అంటే 19.05 మిల్లీమీటర్లు. ఈ ఎం12 బోల్టు, అంటే 12 మిల్లీమీటర్ల లావుది, తల 19. మర మాత్రం వేరు. ముతక మర ఉన్న అరంగుళం రంధ్రంలో ఎం12 పెడితే లొడలొడలాడుతూ లోపలికి పోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, బండి అదిరేకొద్దీ మరని తినేస్తుంది. సరే, అది తర్వాతి మాట. ఆ జాయింటులో పరాయి బోల్టు ఉందంటే ఎవరో బండిని అక్కడ రెండు ముక్కలు చేశారన్నమాట.

వైరు బ్రష్షు తీసుకుని పెయింటు గీకాను. ఫోర్డ్ వాడు పోతపోసిన ప్రతి పెద్ద భాగం మీదా నంబరు వేస్తాడు. మొదటి అక్షరం సి అయితే అరవైల డిజైను, డి అయితే డెబ్భైలది, ఈ అయితే ఎనభైలది. తర్వాత అంకె ఆ దశకంలో ఎన్నో ఏడో చెప్తుంది. ఆ పక్కన వచ్చే ఎన్ అంటే ట్రాక్టరు. ఇది డిజైను సంవత్సరమే. తయారైన రోజుకి వేరే కోడ్ ఉంటుంది, 6కె14 లాగా. ఆరో ఏడు, అక్టోబరు, పద్నాలుగో తేదీ. నెలలకి ఏ నుంచి ఎమ్ దాకా అక్షరాలు, ఒకటితో కలిసిపోతుందని ఐ వదిలేశారు. ఒక్క 6 చూస్తే అది 66వ సంవత్సరమో 76వ సంవత్సరమో తెలీదు, రెండు నంబర్లూ కలిపి చదవాలి.

ఇంజను బ్లాకు మీద సి5ఎన్ఎన్ అని వచ్చింది, బాగానే ఉంది. వెనక యాక్సిల్ హౌసింగ్ గీకితే డి8ఎన్ఎన్! 1975లో ఆగిపోయిన బండికి 1978 డిజైను భాగం ఎక్కణ్ణుంచి వస్తుంది?

అప్పుడు ఇంజను మీద కూడా నమ్మకం పోయింది. 3000 డీజిల్‌కి బోరు (సిలిండరు వెడల్పు) 4.2 అంగుళాలు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 4.2, మూడు సిలిండర్లూ కలిపి మొత్తం 175 ఘనపుటంగుళాలు. దానికంటే చిన్న మోడల్ 2000కి బోరు అదే, స్ట్రోకు 3.8, మొత్తం 158. బయట నుంచి చూస్తే తేడా తెలీదు. హెడ్ విప్పి, పిస్టన్ పై నుంచి కింది దాకా ఎంత దిగుతుందో కొలిచాను. 106 మిల్లీమీటర్ల పైన రావాలి. 96న్నర దగ్గర ఆగిపోయింది. ముందు సగం 2000, వెనక సగం ఎప్పటిదో, 3000 అన్నది బానెట్టు మీద స్టిక్కరు మాత్రమే.

మా బాసుని ఇక్కడ పేరు పెట్టే పిలవాలి, నాకింకా నోరు తిరగదు. "నీకెలా అనుమానమొచ్చింది?" అని అడిగాడు. డైనమో బ్రాకెట్ కింద సందు పూడ్చే షిమ్ బదులు బీరు డబ్బా రేకు కత్తిరించి పెట్టి ఉంది, అది చూపించాను. రాజాంలో నేను పని నేర్చుకున్న షెడ్డులో నూనె డబ్బా రేకు వాడేవాళ్ళం, అంతే తేడా. పాము కాళ్ళు పాముకే ఎరుక. దమ్ముల టైములో రైతు గుమ్మంలో నిలబడితే మా మేస్త్రీ "ఏటి సూస్తన్నావురా, రేపు పొలంలోకి దిగాలంట, ఉన్నది కట్టీ" అనేవాడు. ఉన్నది కట్టేవాళ్ళం. అందులో తప్పేం లేదు, నాట్లు ఆగవు కదా. ఏది కట్టామో ఎక్కడా రాసిపెట్టకపోవడమే తప్పు. ఇక్కడి వాళ్ళూ ఆ విషయంలో మనకేం తీసిపోలేదు.

రైతు బండిని అలాగే ఉంచుకుంటానన్నాడు. 158కి సరిపడే సామాను తెప్పించి వేశాం, ఆ పరాయి బోల్టు తీసి పారేశాం, ఏ భాగం దేనిదో జాబ్ కార్డులో రాసి ఒక కాపీ అతనికిచ్చాం.

మొన్న రాజాం నుంచి చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. (రాజాం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది, మా చిన్నాన్న ఇప్పటికీ ఒప్పుకోడు.) "అన్నయ్యా, 3600కి క్లచ్ ప్లేటు తెచ్చాను, షాఫ్టు మీదకి ఎక్కట్లేదు" అన్నాడు. ఫోటో పంపరా అంటే దసరా పూజ నాటి దండతో సహా బండి మొత్తం పంపాడు. కొట్టువాడికి బండి పేరు చెప్పకు, పాత ప్లేటు పట్టుకెళ్ళు, షాఫ్టు మీద పళ్ళు లెక్కపెట్టు, ప్లేటు వ్యాసం కొలువు అన్నాను. పళ్ళు తేడా వచ్చాయి. ఎవరో ఎప్పుడో షాఫ్టు మార్చారు.

సరైన ప్లేటు పడ్డాక, ఆ వివరాలు మడ్గార్డు లోపలి వైపు పెయింటుతో రాయమన్నాను. రాశాడు. పళ్ళ లెక్క, వ్యాసం, తేదీ, కింద పెద్దక్షరాలతో "పైడితల్లి అమ్మవారి దయ".