గోధుమ రంగుకు తిరిగిన కోరల్స్‌కి మళ్లీ రంగు తెప్పించాను: నా అనుభవం

నా చేతికి వచ్చేసరికి ఆ ట్యాంకులో కోరల్స్ (పగడాలు) అన్నీ బతికే ఉన్నాయి, కానీ ఒక్కదానికీ రంగు లేదు. ఊరు మారుతున్న స్నేహితుడు చేపలతో సహా నాకు అప్పగించిన ఉప్పునీటి అక్వేరియం అది. ఇది ఊదా మాంటిపొరా, ఇది గులాబీ బర్డ్స్‌నెస్ట్, ఇది నీలం కొసల ఆక్రొపొరా అని ఒక్కోటీ చూపించి చెప్పాడు గానీ, నా కంటికి అన్నీ తడి మట్టి రంగులోనే కనిపించాయి. రంగు పెంచే అమైనో యాసిడ్ సీసాలు తెచ్చి పొయ్యమని చాలామంది చెప్పారు. ఈ గోధుమ రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోకుండా ఏ సీసా మూతా తీయకూడదని అనుకున్నాను.

అసలు సంగతి ఏంటంటే, కోరల్ ఒక జంతువు. దాని కణజాలంలో జూజాంథెల్లే అనే ఏకకణ ఆల్గే నివాసం ఉంటుంది, వెలుతురుతో ఆహారం తయారుచేసి అందులో పెద్ద వాటా కోరల్‌కే ఇస్తుంది. గోధుమ రంగు ఆ ఆల్గేది. మనం చూసి మురిసిపోయే ఊదా, ఆకుపచ్చ, నీలం రంగులు చాలావరకు కోరల్ సొంతంగా తయారుచేసుకునే ప్రోటీన్లవి. నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ బాగా పెరిగితే ఆల్గే కూడా తెగ పెరిగి ఆ రంగుల్ని కప్పేస్తుంది. వెలుతురు చాలకపోయినా అంతే, ఉన్న కాస్త వెలుతురునూ పట్టుకోవడానికి ఆల్గే ఇంకా ముదురుతుంది. అంటే గోధుమ రంగు జబ్బు కాదు. ఇది అర్థమయ్యాక నా టెన్షన్ సగం తగ్గింది.

టెస్టు చేస్తే నైట్రేట్ 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50), ఫాస్ఫేట్ 0.4 దగ్గర ఉన్నాయి. అయినా నేను ముందు పట్టుకున్నది వాటిని కాదు, ఆల్కలినిటీని, అంటే నీళ్లలో కార్బొనేట్, బైకార్బొనేట్ ఎంత ఉన్నాయో చెప్పే కొలతని. కోరల్ తన అస్థిపంజరం కట్టుకోవడానికి వాడుకునేది దాన్నే, అది ఒకరోజు 7, మరో రోజు 9 అని ఊగుతుంటే మిగతావి ఎంత సరిచేసినా ఉపయోగం ఉండదు. రోజూ ఒకే వేళకు సిరంజితో కొలిచి నీళ్లు తీసుకుని, ఒక్కో చుక్కా రీఏజెంట్ (టెస్టు ద్రావణం) వేస్తూ గ్లాసును తెల్ల కాగితం మీద పెట్టి తిప్పేవాణ్ణి. నీలం నుంచి పసుపుకు తిరిగే ఆ ఒక్క చుక్క దగ్గర తొందరపడకూడదు. రోజుకు ఎంత తగ్గుతోందో తెలిశాక అంతే మొత్తాన్ని డోసింగ్ పంపుతో రోజంతా కొంచెం కొంచెంగా ఇస్తూ 8 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే యూనిట్) దగ్గర నిలబెట్టాను. కాల్షియం 420, మెగ్నీషియం 1300 దగ్గర ఉంటే చాలు, అవి అంత త్వరగా కదలవు. ఆవిరైపోయిన నీటికి బదులు ఆర్వో డీఐ ఫిల్టర్లతో లవణాలన్నీ తీసేసిన మంచినీళ్లే పొయ్యాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. ఆటోమేటిక్‌గా పోసే ఏర్పాటు ఉంటే ఉప్పదనం వెయ్యికి 35 వంతుల దగ్గర కదలకుండా ఉంటుంది.

ఆ తర్వాతే నైట్రేట్ మీదికి వెళ్లాను. పది శాతం నీళ్లు మారిస్తే 50 కాస్తా 45 అవుతుంది, అంతే, ఒక్కసారిలో అద్భుతం ఏమీ జరగదు. అందుకే వారం వారం నీళ్లు మారుస్తూనే, సంప్‌లో (ట్యాంకుకు అనుబంధంగా కింద ఉండే తొట్టి) ఒక అరలో లైటు పెట్టి కీటో నాచు పెంచాను, అది పెరిగే కొద్దీ కోసి బయట పారేస్తే దానితో పాటు నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా బయటికి పోతాయి. ఫాస్ఫేట్ మాత్రం మొండిది. రాళ్లు, ఇసుక ఏళ్ల తరబడి దాన్ని పీల్చుకుని ఉంటాయి, నీళ్లలో తగ్గగానే మళ్లీ వదులుతాయి. ఈ వారం 0.2 చూసి సంతోషపడితే పై వారం 0.3 కనిపించేది. ఐరన్ మీడియా (ఫాస్ఫేట్‌ను పట్టుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) ఎక్కువగా వేసి ఒక్కసారిగా లాగేస్తే కోరల్స్ తట్టుకోలేవు, చర్మం ఊడిపోయి తెల్లటి అస్థిపంజరం బయటపడొచ్చు. కాబట్టి కొద్దికొద్దిగా వేసి తరచూ మార్చాను. ఈ దశలో ఓపిక ఒక్కటే పనిచేస్తుంది, ఇది నా గట్టి అభిప్రాయం.

లైటు సంగతి వేరే. పార్ మీటర్ (ఆల్గే ఆహారం తయారీకి పనికొచ్చే వెలుతురును కొలిచే పరికరం) అద్దెకు తెచ్చి చూస్తే మాంటిపొరా ఉన్న చోట 110 మాత్రమే ఉంది. మెత్తటి కోరల్స్‌కి అది బాగానే సరిపోతుంది గానీ, ఇలాంటి గట్టి కోరల్స్‌కి 200 నుంచి 300 దాకా కావాలి. వారానికి కొంచెం చొప్పున పెంచాను. ట్యాంకులో కార్బన్ (నీళ్లను శుభ్రం చేసే యాక్టివేటెడ్ బొగ్గు) వేసే ముందు లైటు కాస్త తగ్గించాలి. కార్బన్ నీళ్లలోని పసుపుదనం లాగేస్తుంది, దాంతో లైటు ముట్టుకోకపోయినా కోరల్ మీద పడే వెలుతురు ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంకోటి, ముదురు నీలం లైటు కింద ఫ్లోరసెంట్ కోరల్స్ అన్నీ మెరుస్తాయి, ఆ మెరుపు చూసి రంగు వచ్చిందని నమ్మడానికి లేదు. పంపులు ఆపి, తెల్ల లైటులో, పైనుంచి చూసేదే అసలు రంగు.

మొదటి మార్పు కంటికి కాదు, టెస్టులో కనిపించింది. రోజూ 0.3 తగ్గే ఆల్కలినిటీ 0.6 తగ్గడం మొదలైంది, అంటే కోరల్స్ పెరుగుతున్నాయన్నమాట. ఆ తర్వాత మాంటిపొరా పళ్లెం అంచు చుట్టూ దారమంత సన్నటి తెల్ల గీత వచ్చింది, కొత్తగా పెరిగే చోట ఆల్గే పల్చగా ఉంటుంది కదా, అక్కడే ముందు లేత ఊదా తేలింది. రోజూ టార్చి వేసి చూసేవాణ్ణి. ఊదా అంచు నుంచి లోపలికి పాకుతుంటే ఎంత ఆనందమేసిందో చెప్పలేను.

అంతలో ఫాస్ఫేట్ టెస్టులో కనిపించకుండా పోయింది, బర్డ్స్‌నెస్ట్ గులాబీ దాటి పాలిపోవడం మొదలుపెట్టింది. ఇది గోధుమ రంగుకు పూర్తిగా వ్యతిరేకమైన సమస్య, దీనికి నేను ఎక్కువ భయపడతాను. సున్నా ఫాస్ఫేట్‌లో కోరల్‌కి కావలసిన పోషకం అందదు, పైగా డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు జిగురుగా, బుడగలతో ఇసుక మీద పరుచుకునే ప్రమాదం ఉంది. వెంటనే ఐరన్ మీడియా తీసేసి చేపలకు మేత పెంచాను. రాత్రి లైట్లు ఆరాక ఏకాన్‌లు అనే కోరల్స్ మేత కోసం చిన్న చిన్న టెంటకిల్స్ (వేళ్లలాంటి తంతువులు) బయటికి చాస్తాయి, అప్పుడు ఫ్రీజర్‌లోంచి తీసి మంచు కరగనిచ్చిన చిన్న మైసిస్ రొయ్యల్ని పిపెట్‌తో ఒక్కో నోటి మీద పెట్టాను. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య తిరుగుతుంటే చాలు, ఇంకా తగ్గించాలని చూడను.

ఇప్పుడు మాంటిపొరా నిండు ఊదా, ఆక్రొపొరా కొసలు నీలం. బర్డ్స్‌నెస్ట్ పాలిపోవడం ఆగింది గానీ లోపలి కొమ్మలకు రంగు ఇంకా పూర్తిగా రాలేదు, అక్కడికి నీటి ప్రవాహం సరిగ్గా అందడం లేదని నా అనుమానం, పంపు కోణం మార్చి చూస్తున్నాను. మాంటిపొరా ఎంత వెడల్పైందంటే దాని నీడ కింది ఏకాన్‌ల మీద పడుతోంది. ఈ వారం దాని అంచు బోన్ కట్టర్‌తో కత్తిరించాలి, ఆ ముక్కల్ని చిన్న ప్లగ్గుల మీద అంటించి మొదటగా నా స్నేహితుడికే పంపిస్తాను.