పల్లె క్లినిక్‌లో క్యాన్సర్ రోగి సేవ: నా అనుభవం

అనంతపురం జిల్లాలోని ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. 30 ఏళ్లు దాటినవారిలో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లను ముందే గుర్తించడం మా విధుల్లో ఒకటి. అనుమానం వస్తే పెద్దాసుపత్రికి పంపుతాం. కర్నూలుకో, తిరుపతికో, బెంగళూరుకో వెళ్తారు. కాని చికిత్స ముగిశాక, ఇక చేసేదేమీ లేదన్నాక, వాళ్లు వచ్చేది సొంత ఊరికే. అప్పుడు దగ్గర ఉండేది నేనూ, ఆశా అక్కా. ఆ దశలో ఏం చేయాలో నర్సింగ్ చదువులో నాకెవరూ చేయి పట్టి నేర్పలేదు.

అందుకే వారానికోసారి వీడియోలో జరిగే పాలియేటివ్ కేర్, అంటే నయం కాని జబ్బులో బాధను తగ్గించే సేవ, శిక్షణలో చేరాను. ఈ పద్ధతిని ‘ఎకో’ అంటారు. డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో హెపటైటిస్ సి రోగుల కోసం దీన్ని మొదలుపెట్టారు. ఇందులో పాఠం కాసేపే. తర్వాత మాలో ఒకరు పేరు బయటపెట్టకుండా తమ రోగి సంగతి చెప్పాలి. నిపుణులు, తోటి నర్సులు కలిసి దారి వెతుకుతారు.

నేను చెప్పింది రొమ్ము మీద పుండు పగిలిన ఒక పెద్దమ్మ గురించి. వాసన భరించలేక ఆమె మంచాన్ని పశువుల కొట్టం పక్కన వేశారు. కోడలు మంచి మనిషే, కాని దగ్గరికి వెళ్తే వాంతి వచ్చేది. “నువ్వు కూడా రావద్దులే తల్లీ” అనేది పెద్దమ్మ నాతో. ఎండిన కట్టును లాగవద్దని, ఉప్పునీటితో నానబెట్టి వదులయ్యాకే తీయమని నిపుణులు చెప్పారు. అర లీటరు కాచి చల్లార్చిన నీటికి చెంచా ఉప్పు చాలు. వాసన తెచ్చే క్రిములను చంపడానికి డాక్టర్ రాసిన మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లాను. కొద్ది రోజులకే వాసన బాగా తగ్గింది. మంచం వసారాలోకి వచ్చింది. కట్టు మార్చడం కోడలే నేర్చుకుంది.

నొప్పికి డాక్టర్ మార్ఫిన్ రాశారు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా నాలుగు గంటలకోసారి మాత్ర వేయాలి, మలబద్ధకం రాకుండా దానికి తోడుగా విరేచనం మందు ఇవ్వాలి. పెద్దమ్మ నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఎన్ని మార్కులు వేస్తుందో అడిగి ఫోనులో డాక్టర్‌కు చెప్పేదాన్ని. దాన్ని బట్టి ఆయన మోతాదు మార్చేవారు.

నిపుణులు తక్కువ కాబట్టి వారి పనిని నర్సులకు పంచాలంటారు. నేనూ ఒప్పుకుంటాను. కాని కొత్త పని ఇచ్చేవారు పాతది కొంతైనా తగ్గించాలి. మా మెడికల్ ఆఫీసర్ వారంలో ఒక పూటను ఇంటి సందర్శనలకే వదిలారు, ఆ పూట యాప్ నమోదులు వద్దన్నారు. అది లేకుంటే ఈ శిక్షణ నాకు మరో బరువయ్యేది. శిక్షణలో చివరి కొన్ని నిమిషాలు, పోయినవారి గురించి మాట్లాడుకుంటాం. పెద్దమ్మ పోయిన వారం నేను ఏడ్చాను. ఎవరూ తొందరపెట్టలేదు. ఉద్యోగంలో చేరాక అలాంటి చోటు నాకు దొరకడం అదే మొదలు.

మిగిలింది మార్ఫిన్ సంగతి. అది నల్లమందు నుంచి తీసే మందు, అందుకే దానిపై ఆంక్షలు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక, గుర్తింపు పొందిన ఆసుపత్రి దాన్ని రకరకాల లైసెన్సుల బాధ లేకుండా నిల్వ ఉంచుకోవచ్చు. రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం గుర్తింపు ఇస్తుంది, శిక్షణ పొందిన డాక్టర్ ఉండాలి. పెద్దమ్మ కొడుకు ఆ మాత్రల కోసం కూలి మానుకుని కర్నూలు దాకా వెళ్లేవాడు. మాకు దగ్గరలోని ఆసుపత్రి డాక్టర్ ఒకరు ఆ శిక్షణ పూర్తి చేశారు. దరఖాస్తు వెళ్లేదాకా వారిని అడుగుతూనే ఉంటాను.