రోజుకు ముప్పావు లీటరు

మాది ఉద్దానంలో సోంపేట దగ్గర ఒక పల్లె. కొబ్బరి దింపు రోజుల్లో పొద్దంతా ఎండలో తిరిగి, దాహం వేసినప్పుడల్లా ఒక బొండం కొట్టుకుని తాగడమే మాకు తెలిసిన పద్ధతి. ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఇంతగా ఎందుకు ఉందో ఇప్పటికీ తేలలేదు. షుగరు, బీపీ లేనివాళ్లలో కూడా పెద్దగా వాపులు కనిపించకుండానే లోలోపల ముదిరిపోతుంది. మా పెదనాన్న దీనితోనే పోయారు. అయినా నాకు నడుము లాగి, తిండి సయించక నీరసం వచ్చినప్పుడు, ఎండకు తిరిగినందువల్లనేమో అనుకుని మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని నెలల తరబడి మింగాను. దెబ్బతిన్న కిడ్నీలకు అవి ఇంకా చేటు చేస్తాయని డాక్టరు నాతో మొదటిసారి చెప్పింది, రక్తంలో 1 చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం 9.4 వచ్చిన రోజున.

మెడ దగ్గర గొట్టం పెట్టి డయాలిసిస్ మొదలుపెట్టారు. ఎడమ ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా వేశాక, ఆ సిర సూదులకు తట్టుకునేంత లావెక్కడానికి 2 నెలలు పట్టింది. అక్కడ వేలు ఆనిస్తే, చర్మం కింద తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నని రొద తెలుస్తుంది. నిద్ర లేవగానే ముందు దాన్నే చూసుకుంటాను. అది ఆగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

వారానికి 3 రోజులు, రోజుకు 4 గంటలు మిషన్ పక్కన పడుకోవడం అలవాటైపోయింది. అలవాటు కానిది దాహం. నాకు రోజుకు 750 మిల్లీలీటర్లే. టీ, మజ్జిగ, చారు అన్నీ అందులోకే వస్తాయి. మా ఆవిడ పొద్దున్నే ఒక సీసాలో నీళ్లు కొలిచి పోసి, నేను మరేదైనా తాగినప్పుడల్లా ఆ మేరకు తీసేస్తుంది. ఒక వేసవిలో ఓర్చుకోలేక తాగేశాను. మర్నాడు 4 కిలోలు బరువు పెరిగి వెళ్తే, ఆ నీరు లాగుతున్నప్పుడు పిక్కలు రాయిలా బిగుసుకుపోయి అరిచాను. బొండం నీళ్లు అసలే కూడదు. వాటిలోని పొటాషియాన్ని నా కిడ్నీలు బయటికి పంపలేవు, అది పేరుకుపోయి గుండె లయ తప్పిస్తుంది. చుట్టూ కొబ్బరిచెట్లు పెట్టుకుని ఆ మాట వినడం సూది నొప్పికన్నా కష్టంగా అనిపించింది.

కిడ్నీలు తిరిగి రాలేదు. కానీ ఇంజెక్షన్లతో హిమోగ్లోబిన్ 6.8 నుంచి 10కి పెరిగాక, తోట చివరిదాకా ఆగకుండా నడవగలుగుతున్నాను. తమ్ముడు కిడ్నీ ఇస్తానన్నాడు. ఇదే ఊళ్లో, ఇదే నీళ్లు తాగి పెరిగిన వాడి దగ్గర తీసుకోవడానికి నాకు మనసొప్పక, చనిపోయినవారి అవయవాలను అవసరమైనవాళ్లకు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకున్నాను. ఏ బాధా లేకపోయినా 6 నెలలకోసారి వాడిని నేనే వెంటబెట్టుకుని వెళ్లి రక్తపరీక్ష చేయిస్తున్నాను. మొన్న వాడి క్రియాటినిన్ 0.9 వచ్చింది.