ళ తిరగని ఊళ్ళో

మా అమ్మాయి పేరులో ఒక ళ ఉంది. కొత్త టీచరు దాన్ని ల చేసి, ముందున్న దీర్ఘాన్ని కూడా మింగేసి పిలుస్తోందని తెలిసి, రేపు సరిగ్గా పలికి వినిపించవే అన్నాను. వినిపించనంది. ఎందుకంటే, "అది నా స్కూలు పేరు అమ్మా, నాకేం ఇబ్బంది లేదు, ఉన్నది నీకే" అంది. ఆ మాటకి ఎంత ఉడుక్కున్నానంటే పొయ్యి మీద పోపు సంగతే మర్చిపోయాను.

నా ఉక్రోషానికి కారణం ఉంది. మేముండేది అమెరికాలో, అరిజోనాలోని టూసాన్‌లో. Tucson అన్న స్పెల్లింగు చూసి దీన్ని టక్సన్ అని చదవని తెలుగువాళ్ళని నేనింతవరకు చూడలేదు, మన దగ్గర అదే పేరుతో తిరిగే హ్యుందాయ్ కారుని కూడా చాలామంది అలాగే అంటారు. వచ్చిన కొత్తలో ఆఫీసులో నేనూ అలాగే అంటే ఎవరో నవ్వుతూ దిద్దారు, అంతే, మధ్యలో ఉన్న 'సి'ని మింగేయడం ఆ సాయంత్రానికల్లా నేర్చేసుకున్నాను. ఆ తర్వాత వరసపెట్టి అన్నీ. చేతులెత్తి నిలబడ్డ ఆ పెద్ద జెముడు చెట్టు సాగ్వారో కాదు సవారో, ఇక్కడి విషపు బల్లి గిలా కాదు హీలా, పశ్చిమాన అజో అని రాసి ఉన్న ఊరు ఆహో! ఊరి కోసం నేనింత నాలుక తిప్పుకున్నప్పుడు ఊరు నా పిల్ల కోసం ఒక్క అక్షరం తిప్పుకోలేదా అని నా వాదన. గట్టి వాదనే అనుకున్నాను, ఆదివారం మా అమ్మకి ఫోన్ చేసేదాకా.

అమ్మ ఒంగోల్లో ఉంటుంది. ఒకసారి మాటల్లో టూసాన్ అనేసరికి "మళ్ళీ ఊరు మారారా, చెప్పనైనా లేదు" అని కంగారుపడిపోయింది. ఎందుకొచ్చిన గొడవని అప్పట్నుంచీ ఆవిడ దగ్గర నాకూ టక్సనే. మొన్న కూడా "టక్సన్‌లో వానలు బాగానే పడుతున్నాయమ్మా" అన్నాను (ఎడారే గానీ ఆగస్టులో ఇక్కడా వానలు, వాటినీ మాన్‌సూన్ అనే అంటారు). ఫోన్ పెట్టేశాక పిల్ల అడిగింది, "అమ్మమ్మని ఎందుకు కరెక్ట్ చెయ్యవు?" అని. పెద్దావిడ కదే అన్నాను. "మా టీచర్ కూడా పెద్దావిడే."

అక్కడితో ఆపితే మర్యాద దక్కేది. నేను చరిత్రలోకి దిగాను. ఈ నేల ఇక్కడి ఆదివాసులైన ఓధం జనానిది, వాళ్ళ మాటలో ఇది చుక్ షొన్, అంటే నల్లకొండ పాదం దగ్గర అని. డౌన్‌టౌన్ పక్కన యూనివర్సిటీ పిల్లలు తెల్లటి 'ఎ' అక్షరం పేర్చిన కొండ ఉందే, అదే ఆ కొండ. 1775లో స్పెయిన్ వాళ్ళు వచ్చి కోట కట్టి తుక్సోన్ అన్నారు. 1854లో, మెక్సికో నుంచి భూమి కొన్న గాడ్స్‌డెన్ ఒప్పందంతో ఊరు అమెరికా చేతికొచ్చింది, ఇంగ్లీషు నోళ్ళలో క ఎగిరిపోయింది. "చూశావా, దిద్దేవాళ్ళు లేకపోతే పేరు ఇలాగే అరిగిపోతుంది" అన్నాను, గెలిచినంత సంబరంగా.

అది కాసేపు ఆలోచించి, "అయితే అమ్మమ్మ అనేదే పాత పేరుకి దగ్గర" అంది. నిజమే, నాకు తట్టలేదు. వెంటనే, "మరి నువ్వు ఆఫీసులో చుక్ షొన్ అంటావా?"

మనకి ష కొత్త కాదు, తలుచుకుంటే పలకగలను. "ఎవరికీ అర్థం కాదు కదే" అనేశాను. అది పొద్దుట్నుంచీ నాతో అంటున్నదీ ఇంచుమించు అదే.

మా ఆయన పేరు పెట్టేటప్పుడే అన్నారు, ఇక్కడివాళ్ళకి నోరు తిరగదు, ఇంకేదైనా చూద్దాం అని. మా నాయనమ్మ పేరని పట్టుబట్టింది నేనే. ఆ మాటకొస్తే మన టీవీ యాంకర్ల నోట్లో మాత్రం ళ ఎక్కడుంది? వాళ్ళని వదిలేసి అరిజోనాలో ఒక స్కూలు టీచరు మీద ఎందుకు పడ్డానో నాకే తెలీదు. అలాగని వదిలేయాలనీ లేదు. పేరు పెట్టింది నేను, మొయ్యాల్సింది అది. తనకి బరువుగా లేదంటోంది, నిజంగా లేదో, నా గోల భరించలేక అంటోందో.

ఇక్కడ నెలలు నిండుతున్న జంటలెవరైనా పేరు సలహా అడిగితే ఇన్నాళ్ళూ ధీమాగా చెప్పేదాన్ని, మీకు నచ్చింది పెట్టుకోండి, వాళ్ళే నేర్చుకుంటారు, టూసాన్ మనం నేర్చుకోలేదా అని. పోయిన శనివారం భోజనానికొచ్చిన వాళ్ళు అడిగితే మాత్రం నీళ్ళు నమిలి, మా అమ్మాయినడగండి అన్నాను. అది కూర్చుని ళ, ణ, ఒత్తులు ఏవీ లేని పేర్లు ఒక పేజీ నిండా రాసిచ్చింది. అందులో ఒకట్రెండు నాకూ నచ్చాయి, అదే ఒళ్ళు మండింది.