తంగిడి నుంచి పులిచింతల దాకా: హద్దు మీద పారే కృష్ణ

నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర భీమ వచ్చి కృష్ణలో కలుస్తుంది. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే. ఆ తర్వాత సూర్యాపేట జిల్లా దాటేదాకా ఈ నది చాలాచోట్ల రెండు రాష్ట్రాల మధ్య హద్దు. మొదట అవతలి ఒడ్డున కర్ణాటక, తర్వాత ఆంధ్రప్రదేశ్. 1800లో నిజాం రాయలసీమ ప్రాంతాన్ని ఈస్టిండియా కుంపిణీకి దత్తం చేసినప్పటి నుంచి తుంగభద్ర, కృష్ణ రెండు ప్రభుత్వాల నడుమ గీతలే. మధ్యలో 1956 నుంచి 2014 దాకా మాత్రమే రెండు గట్లూ ఒకే రాష్ట్రం. చిక్కంతా ఆ యాభై ఎనిమిదేళ్లది. పెద్ద ప్రాజెక్టులు ఎక్కువగా పూర్తయింది అప్పుడే. ఒక గట్టున తాళంచెవి, ఇంకో గట్టున పొలం ఉన్నా అప్పుడెవరూ పట్టించుకోలేదు. నీళ్ల మీద నడిచే ఈ తగాదాల్లో ఎవరు మధ్యవర్తిగా కూర్చున్నారు, ఎక్కడ తెగింది, ఎక్కడ తెగలేదు అన్నది గట్టు వెంబడి చూసుకుంటూ వెళ్లాను.

మక్తల్ దగ్గరి పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం దీవికి భక్తులు నీళ్ల మీదుగా వెళ్తారు. దీవి రాయచూరు జిల్లాది. రాష్ట్రం దాటుతున్నామన్న స్పృహ ఎవరికీ ఉండదు, పాత పుట్టికి చెక్‌పోస్టు లేదు. కిందికి జూరాల. దాని వెనుక జలాలు కర్ణాటక పొలాల్లోకీ ఎక్కుతాయి కాబట్టి, అక్కడి ముంపు పరిహారం తేలేదాకా పూర్తి మట్టానికి నింపడం కుదరలేదు. డబ్బుతో తేలిపోయే తగాదా కనుక తేలింది. నదీ వివాదాల్లో ఇలాంటివి అరుదు.

అసలు చూడాల్సింది రాజోలిబండ. గద్వాల నుంచి అయిజ మీదుగా రాయచూరు జిల్లాలోకి వెళ్లాలి. తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట ఉంటుంది. ఎడమ గట్టు కర్ణాటక, కుడి గట్టు కర్నూలు జిల్లా. నీళ్లు అందాల్సింది మాత్రం అలంపురం, గద్వాల వైపు పొలాలకు. 1944లో హైదరాబాద్, మద్రాసు ప్రభుత్వాల మధ్య కుదిరిన తుంగభద్ర ఒప్పందం దీనికి పునాది. ఎడమ కాల్వ పొడవు 143 కిలోమీటర్లు, అందులో మొదటి 42 కిలోమీటర్లు కర్ణాటకలోనే. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ దీనికి 17.1 టీఎంసీలు (శతకోటి ఘనపుటడుగులు) ఇచ్చింది. కర్ణాటకకు 1.2, మన పాలమూరుకు 15.9. ఆయకట్టు 87,500 ఎకరాలు.

కాగితం మీది ఈ 15.9ని కాల్వలోకి దించి చూస్తే కథ వేరు. ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు) రోజంతా పారాలి. ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) కాల్వ మొదట్లో 850 క్యూసెక్కులకు, తెలంగాణ సరిహద్దు దగ్గర 770 క్యూసెక్కులకు కట్టినది. సరిహద్దు దగ్గర నిండుగా పారినా ఒక్క టీఎంసీకి 15 రోజులు, 15.9కి దాదాపు ఎనిమిది నెలలు. పూడిక పట్టి, లైనింగ్ ఊడిన కాల్వ అన్ని నెలలు నిండుగా పారడం జరిగే పని కాదు. అందుకే కేటాయింపు తీర్పు గెలిచినా చివరి పొలానికి తడి అందలేదు.

నీళ్లు తెప్పించుకునే పద్ధతి కూడా చూడండి. హోస్పేట దగ్గరి తుంగభద్ర బోర్డుకు ఇండెంటు, అంటే ఇన్ని నీళ్లు కావాలన్న కోరిక, పెట్టాలి. డ్యామ్ నుంచి ఆర్డీఎస్‌కు 7, కర్నూలు–కడప కాల్వకు 10 టీఎంసీల సాయం అని బచావత్ రాశారు. మిగిలింది దారిలో కలిసే వానతో రావాలి. రెండు కాల్వల నీరూ ఒకే నదిలో వదులుతారు, నది నీటికి రంగు వేరుండదు. ఆనకట్టకు చేరేలోపు రెండు గట్ల మోటర్లు తమ వంతు లాగేస్తాయి. చేరాక ఆనకట్టకున్న తూములు తెరిచి ఉంటే నీరు కిందికి, సుంకేశుల బ్యారేజీకి పోతుంది, అక్కడి నుంచి కర్నూలు–కడప కాల్వకు. మూసి ఉంటే మట్టం లేచి ఎడమ కాల్వకు అందుతుంది. కర్నూలు రైతుకూ పాలమూరు రైతుకూ ఏళ్ల తరబడి గొడవ ఈ తూముల మీదనే. ఆధునికీకరణ పేరుతో ఆనకట్ట ఎత్తు పెంచుతారన్న అనుమానంతో కుడి గట్టు వాళ్లు పనులు అడ్డుకున్నారు. ఆనకట్ట మరమ్మతు చేయాల్సింది కర్ణాటక, లాభం తెలంగాణకు, భయం ఆంధ్రకు. మధ్యవర్తి అన్నవాడు ఎవరిని ఎవరితో కూర్చోబెట్టాలో ఇక్కడ తేల్చుకోవడమే కష్టం. చివరకు తెలంగాణ మధ్యవర్తిత్వం కోసం ఆగకుండా సుంకేశుల వెనుక జలాల నుంచి తుమ్మిళ్ల ఎత్తిపోతలు పెట్టుకుంది, చివరి 55,600 ఎకరాలకు నీళ్లందించాలన్న లెక్కతో. నా దృష్టిలో అది మంచి ఇంజనీరింగే, కానీ కరెంటు బిల్లుతో కొనుక్కున్న పరిష్కారం.

అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు చూసి, శ్రీశైలం ముంపు నుంచి తరలించి కట్టిన కూడలి సంగమేశ్వరం గుడి దగ్గర కాసేపు ఆగితే సరిపోతుంది. అక్కడి నుంచి కొల్లాపూర్ వైపు తిరిగి, మన్ననూరు చెక్‌పోస్టు మీదుగా శ్రీశైలం ఎడమ గట్టుకు. ఆ అడవి దారి రాత్రి తొమ్మిది తర్వాత మూసేస్తారు, చీకటి పడకముందే దాటేలా చూసుకోవాలి. శ్రీశైలంలో గొడవ అడుగుల లెక్కది. నిండు మట్టం 885 అడుగులు, కనీస మట్టం 854. రాయలసీమకు నీళ్లు తీసుకెళ్లే పోతిరెడ్డిపాడు తూము 841 దగ్గర మొదలవుతుంది, 44,000 క్యూసెక్కులకు కట్టారు, అంటే రోజుకు 3.8 టీఎంసీలు. ఎడమ గట్టున తెలంగాణ 900 మెగావాట్ల కరెంటు కోసం నీళ్లు కిందికి వదలాలంటుంది. కుడి గట్టు వాళ్లు మట్టం నిలబెట్టాలంటారు. మట్టం తగ్గితే పోతిరెడ్డిపాడుకు అందదు మరి.

ఇక సాగర్. నందికొండ దగ్గర 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాల్వలకు నీళ్లు వదిలారు. డ్యామ్ ఎడమ కొస నల్లగొండ జిల్లా, కుడి కొస పల్నాడు. ఎడమ కాల్వ నల్లగొండ, ఖమ్మం దాటి మళ్లీ ఆంధ్రలోకే పోతుంది. 2014 తర్వాత కుదిరిన పద్ధతిలో శ్రీశైలం నిర్వహణ ఆంధ్ర చేతిలో, సాగర్ నిర్వహణ తెలంగాణ చేతిలో. అంటే పల్నాడుకు నీళ్లిచ్చే కుడి కాల్వ హెడ్ రెగ్యులేటర్ (కాల్వలోకి నీళ్లు వదిలే తూము) తాళం అవతలి రాష్ట్రం దగ్గర.

2015 ఫిబ్రవరిలో దీని మీదే డ్యామ్ పైన రెండు రాష్ట్రాల పోలీసులు తోసుకున్నారు. అప్పుడు ఇద్దరు ముఖ్యమంత్రులను రాజ్‌భవన్‌లో కూర్చోబెట్టింది గవర్నర్ నరసింహన్. హక్కులెవరివి అని ఆయన అడగలేదు. ఎన్ని నీళ్లు, ఎప్పటిదాకా అన్న లెక్క మాత్రం ఇంజనీర్లకు అప్పగించారు. అదే ఏడాది జూన్‌లో ఉమ్మడి రాష్ట్రపు 811 టీఎంసీల్లో 512 ఆంధ్రకు, 299 తెలంగాణకు అని తాత్కాలిక ఏర్పాటు రాసుకున్నారు. ఒక్క ఏడాదికని రాసుకున్నది ఏళ్ల తరబడి సాగింది. తెలంగాణ సగం కావాలంటుంది, ఆంధ్ర 66:34 దగ్గరే ఆగుతుంది.

2023 నవంబరు 30, తెలంగాణలో పోలింగ్ రోజు. తెల్లవారకముందే ఆంధ్ర పోలీసులు, ఇంజనీర్లు డ్యామ్ మీదికి వచ్చి 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. 26 గేట్లలో సగం మావి అన్నది వాదన. కుడి కాల్వకు నీళ్లు వదిలారు. చాలామంది గమనించనిది ఒకటుంది. గేట్ల ఎత్తు 44 అడుగులు, నిండు మట్టం 590, కాబట్టి వాటి అడుగు 546 దగ్గర. ఆ రోజు జలాశయం 522 చుట్టూ ఉంది. ఆ పదమూడు గేట్లను ఎవరు పట్టుకున్నా చుక్క నీరు రాదు. విలువంతా కుడి కాల్వ రెగ్యులేటర్‌ది. కంచె హద్దు చూపించడానికి, రెగ్యులేటర్ నీళ్లకు.

మరుసటి రోజు కేంద్ర హోం కార్యదర్శి అజయ్ భల్లా వీడియో సమావేశంలో రెండు రాష్ట్రాల అధికారులతో మాట్లాడి ఒక ప్రతిపాదన పెట్టారు: నవంబరు 28 నాటి స్థితికి వెళ్లండి, డ్యామ్ కాపలా సీఆర్‌పీఎఫ్‌కు ఇవ్వండి, నీళ్లు రెండు రాష్ట్రాలకు పంచే కృష్ణా బోర్డు చెప్పినట్టు వదలండి. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇందులో పనితనం ఆ తేదీలో ఉంది. ఎవరిది తప్పు అని తేల్చకుండా తగవుకు ముందు నాటికి తీసుకెళితే ఎవరూ ఓడినట్టు కాదు. కానీ అదే మందు రెండోసారి పెద్దగా పనిచేయదు. 2024 ఫిబ్రవరిలో డ్యామ్‌ల నిర్వహణను బోర్డుకు అప్పగించాలన్న మాట రాగానే తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది, మరుసటి రోజే నల్లగొండలో ప్రతిపక్షం భారీ సభ పెట్టింది. తాళం ఇంకొకరికి ఇవ్వడమంటే నల్లగొండలో ఓట్ల విషయం.

కృష్ణా బోర్డు పని ఎలా సాగుతుందో తెలిస్తే ఈ భయం అర్థమవుతుంది. సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ఈఎన్‌సీలు (ఇంజనీర్-ఇన్-చీఫ్‌లు) కలిసి త్రిసభ్య కమిటీ. ఏ కాల్వకు ఏ నెల ఎన్ని టీఎంసీలని ఇద్దరూ ఇండెంట్లు పెడతారు. శ్రీశైలం, సాగర్ మట్టాలు చూసి, కనీస మట్టం కింది నీరు తీసేసి, మిగిలింది పంచి విడుదల ఉత్తర్వు ఇస్తారు. చెడేది మూడుచోట్ల. ఒకరు సమావేశానికి రాకుండా వాయిదా కోరతారు. తాగునీటికని తీసుకున్నది పొలాలకు మళ్లిందని ఇంకొకరు అంటారు. అన్నిటికంటే పెద్దది కొలత. ఎవరి గేజి వారిది కావడంతో ప్రవాహాన్ని దానంతటదే కొలిచి పంపే టెలిమెట్రీ పెట్టారు, మొదటి విడతలో 18 చోట్ల. రెండో విడతలోని 9 చోట్ల దగ్గరే ఏళ్లు గడిచాయి. 2021 జులై 15 గెజిట్‌తో ప్రాజెక్టులు బోర్డు పరిధిలోకి వస్తాయన్నారు, ఒక్కో రాష్ట్రం రూ.200 కోట్లు కట్టాలన్నారు. తెలంగాణ ఇస్తేనే మేమూ అప్పగిస్తామని ఆంధ్ర షరతు పెట్టింది. గేట్లు బోర్డు చేతికి రాలేదు. 2025 జులైలో ఢిల్లీలో ముఖ్యమంత్రులిద్దరూ కేంద్ర జలశక్తి మంత్రి ముందు కూర్చున్నప్పుడు తేలిగ్గా కుదిరిన అంశాల్లో టెలిమెట్రీ ఒకటి. మీటరు పెట్టడానికి ఎవరూ కాదనరు, పెట్టాక వచ్చే అంకెతోనే పేచీ.

సాగర్‌కు ఆగస్టు, సెప్టెంబరుల్లో జనం గేట్లు చూడటానికి వస్తారు. కిందనున్న వంతెన మీద నుంచి బాగా కనిపిస్తాయి. తగాదా చూడాలంటే మాత్రం నవంబరు నుంచి మార్చి మధ్య రావాలి. వరద ఉన్నన్నాళ్లు బోర్డుకు పనే ఉండదు.

చివరి మజిలీ పులిచింతల, కోదాడ నుంచి మేళ్లచెరువు దాటి చింతలపాలెం మండలం వైపు. 45.77 టీఎంసీలు. డ్యామ్ ఆంధ్రది, ఈ గట్టున 120 మెగావాట్ల విద్యుత్ కేంద్రం తెలంగాణది. 2021 జూన్ ఆఖరులో తెలంగాణ శ్రీశైలం, సాగర్, ఇక్కడ కలిపి పూర్తి సామర్థ్యంతో కరెంటు తీయమని ఉత్తర్వు ఇచ్చింది. డెల్టాలో నాట్లకు ఇంకా వేళ కాలేదు, వదిలిన నీరు ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రానికి పోతోందని ఆంధ్ర గోల. ఆపమని వినతిపత్రం ఇవ్వడానికి వచ్చిన ఇంజనీర్లను సరిహద్దు దగ్గరే పోలీసులు నిలిపేశారు. ఆంధ్ర సుప్రీంకోర్టుకు వెళ్లింది. ‘నేను రెండు రాష్ట్రాలకూ చెందినవాణ్ని, మధ్యవర్తిత్వంతో తేల్చుకోండి’ అని అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ ఆగస్టు 2న సూచించారు. తీర్పే కావాలని ఆంధ్ర 4న చెప్పడంతో ఆయన కేసు నుంచి తప్పుకొని వేరే బెంచికి పంపారు. 5వ తేదీ తెల్లవారుజామున పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది. దాని స్థానంలో స్టాప్‌లాగ్ (తాత్కాలిక అడ్డుపలక) దించాలంటే మట్టం తగ్గాలి, అందుకు మిగతా గేట్లూ ఎత్తి జలాశయాన్ని ఖాళీ చేశారు.