రంగు నీళ్ళకి కరెంటు: మూడో వారం

రంగు కలిసిన నీళ్ళని కరెంటుతో శుభ్రం చేయొచ్చా అని ఇంట్లో చూస్తున్నాను. ఇంతవరకు చేసింది క్లుప్తంగా చెప్తా. పాత టార్చిలైటు పెద్ద సెల్లులు విప్పి నాలుగు కార్బన్ కడ్డీలు తీశాను (లోపలి నల్లపొడి చేతికంటితే ఓ పట్టాన వదలదు, గ్లవ్స్ వేసుకోండి). రెండు ప్లస్‌కి, రెండు మైనస్‌కి. లీటరు నీళ్ళు, 2 గ్రాముల ఉప్పు, అక్వేరియం షాపులో అమ్మే మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు కొన్ని చుక్కలు, ఎల్‌ఈడీ లైట్లకి వాడే 12 వోల్టుల ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా). అర ఆంపియర్ లాగింది, 40 నిమిషాల్లో నీలం మాయం. లీటరుకి 4 వాట్ అవర్లు, అంటే వెయ్యి లీటర్లకి 4 యూనిట్లే కదా అని ఎగిరి గంతేశాను.

కానీ ఆ వాసన బ్లీచింగ్ పౌడర్ వాసనే. అనుమానమొచ్చి ఈ వారం ఉత్త ఉప్పునీళ్ళకే 40 నిమిషాలు కరెంటు పెట్టి, ఆపేసి, కడ్డీలు తీసేశాక రంగు వేశాను. కరెంటే లేదు, అయినా కాసేపట్లో తెల్లబడింది. అంటే ఇన్నాళ్ళూ ఉప్పులోని క్లోరిన్‌తో నేను బ్లీచ్ తయారు చేస్తున్నానన్నమాట! రంగు కనపడకపోతే మురికి పోయినట్టు కాదు, రంగు అణువు ముక్కలు ఇంకా నీళ్ళలోనే ఉండొచ్చు, కొన్నిటికి క్లోరిన్ అతుక్కుంటే అది ఇంకో తలనొప్పి.

సరే, ఉప్పు మానేసి క్లోరిన్ లేని గ్లాబర్ సాల్ట్ (సోడియం సల్ఫేట్) వేశాను. గంటన్నర తర్వాత కూడా నీలమే, కాస్త పలచబడిందంతే. అదైనా కరెంటు పుణ్యమేనా? కడ్డీలు అరిగి అడుగున చేరిన నల్లపొడిని వేరే గ్లాసు నీలం నీళ్ళలో రాత్రంతా ఉంచితే అవీ పలచబడ్డాయి, బొగ్గు రంగు పీల్చేస్తోంది. క్లోరిన్ లేకుండా మురికిని కార్బన్ డయాక్సైడ్ దాకా కాల్చాలంటే హైడ్రాక్సిల్ రాడికల్స్ (దొరికిన అణువునల్లా విరగ్గొట్టే చురుకైన ముక్కలు) పుట్టించే బోరాన్ కలిపిన వజ్రపు పూత ప్లేట్లలాంటివి కావాలి. నా బడ్జెట్‌కి ఆ మాట ఎత్తకపోవడమే మంచిది.

స్టీలు గరిటె ప్లస్‌కి తగిలించాలనుకునేవాళ్ళు దయచేసి ఆగండి. స్టీలు కరిగి విషమైన క్రోమియం నీళ్ళలోకి రావచ్చు. మైనస్‌కైతే పర్లేదు. హైడ్రోజన్, క్లోరిన్ రెండూ వస్తాయి కాబట్టి నేను మేడ మీదే చేస్తాను, పారబోసే ముందు హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకులు రెండు వేసి మిగిలిన క్లోరిన్ చంపేస్తాను.

ఆదివారం పోచంపల్లి నుంచి బాబాయి నూలు అద్దిన ఎర్రనీళ్ళు క్యాన్‌లో తెచ్చాడు. పీహెచ్ స్ట్రిప్ 10 దాటింది (అంటే బాగా క్షారం), అద్దకంలో వేసిన ఉప్పే బోలెడు, కడ్డీలు ముంచగానే కరెంటు ఎక్కువ లాగి ఎస్ఎంపీఎస్ ఆగిపోయింది. పదింతలు నీళ్ళు కలిపాక నడిచింది, రెండు గంటలకి ఎరుపు పోయి పసుపు మిగిలింది, అది మాత్రం మొండికేసింది. "ఇక మొక్కలకి పోయొచ్చా?" అన్నాడు బాబాయి. ఉప్పు ఎక్కడికీ పోలేదు బాబాయ్, ఉన్నదున్నట్టే ఉంది, వద్దన్నాను. ఆ పసుపు నీళ్ళు సీసాలో పట్టి ఉంచాను, సీఓడీ టెస్టుకి (నీళ్ళలో మురికి ఇంకా ఎంతుందో చెప్పేది) ల్యాబులో ఎంత అడుగుతారో కనుక్కోవాలి.